ఆ రోజుకు నకలు

నాకు అనుమానం ఎక్కువని మా అమ్మాయి అంటుంది. కూరగాయల బండి దగ్గర తూకం మీద నుంచి కళ్లు తిప్పనని, క్యాబ్ ఎక్కేముందు డ్రైవరు మొహాన్ని ఫోనులోని ఫొటోతో పోల్చి చూస్తానని, తాళం వేశాక తలుపు మళ్లీ లాగి చూస్తానని దాని ఫిర్యాదు. ఉద్యోగమంతా కోస్తాలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ల మధ్య గడిపి, సూపరింటెండెంటుగా రిటైరైన మనిషిని నేను. కాగితం మీద ఉన్నదాన్ని వెంటనే నమ్మకూడదని, కాగితం మీద లేనిదాన్ని అసలే నమ్మకూడదని నాకు జీతమిచ్చి మరీ నేర్పారు. రిటైరయ్యాక కూతురూ అల్లుడూ ఉంటున్న ప్రగతి నగర్‌కు వచ్చేశాను. వాళ్లిద్దరూ పొద్దున్నే మాదాపూర్ ఆఫీసులకు వెళ్లిపోతారు. పగలంతా ఆ ఫ్లాటుకు అధికారినీ, సిబ్బందినీ నేనే.

సిబ్బందిలో ఇంకొకామె ఉండేది. గిన్నెలు తోమి, ఇల్లు తుడిచి వెళ్లే పనామె. తెలంగాణ పల్లె నుంచి భర్తతో కలిసి వచ్చింది. భర్త ఐటీ ఆఫీసుల వాళ్లను దింపే క్యాబ్ నడుపుతాడు. మా ఇంటితో కలిపి నాలుగు ఇళ్లలో చేసేది. నాలుగూ మా గేటు లోపలివే. మాట తక్కువ, పని శుభ్రం. అయినా ఆమె తుడుస్తున్నంతసేపూ ఆ గదిలోనే ఏదో పని కల్పించుకుని తిరగడం నాకు అలవాటు. అది ఆమె మీద అనుమానమని నేను అనుకోలేదు. ఎవరొచ్చినా అంతే చేస్తాను.

ఒకరోజు ఆమె రాలేదు. ఫోను స్విచాఫ్. మర్నాడూ రాలేదు. గిన్నెలు నేనే తోముకుంటూ తిట్టుకుంటుంటే, అపార్టుమెంటు గ్రూపులో మా పై అంతస్తు ఆవిడ పెట్టిన మెసేజి చూపించింది మా అమ్మాయి. వాళ్లింట్లో బంగారు గాజులు పోయాయట. పనామెను పోలీసులకు అప్పగించారట. అందరూ జాగ్రత్తగా ఉండాలట. కింద చేతులు జోడించిన బొమ్మలు, 'అయ్యో' అన్న బొమ్మలు. ఆ పనామె మా పనామే.

ఆ తర్వాతి రోజు పొద్దున గేటు దగ్గర నుంచి ఫోను వచ్చింది. "అమ్మా, జర కిందికి రా. నన్ను లోపటికి ఇడుస్తలేరు" అంది. దిగి వెళ్లాను. మా కమ్యూనిటీలో పనివాళ్లు లోపలికి రావాలంటే సెక్యూరిటీ అతని ఫోనులోని గేటు యాప్‌లో వాళ్ల నెంబరు కొట్టాలి. ఆకుపచ్చ రంగు వస్తేనే గేటుకు అడ్డంగా ఉన్న కర్ర లేస్తుంది. ఆమె నెంబరు కొడితే ఎరుపు వస్తోంది. 'బ్లాక్ చేయబడింది' అని కింద అక్షరాలు. సెక్యూరిటీ అతను మొహం పక్కకు తిప్పుకుని, "నా చేతుల ఏం లేదు మేడం, కమిటీ వాళ్లు వెట్టిన్రు" అన్నాడు.

గేటు బయట, స్కూలు బస్సులు తిరిగే చోట నిలబడి ఆమె జరిగింది చెప్పింది. "పొద్దుగాల ఆమె ఇంట్ల ఊడుస్తున్న. పోలీసు బండి వచ్చింది. స్టేషన్‌కు తీస్కపోయిన్రు. గోడ పక్కన బెంచి మీద కూసోవెట్టిన్రు. ఎక్కడ వెట్టినవ్, ఎవలకు ఇచ్చినవ్ అని ఒకటే అడుగుడు. పొద్దుగూకేదాంక గట్లనే. నీళ్లు తాగనీకి గూడ అడిగి లేవాలె. ఇగ చీకటి పడేటప్పుడు ఫోను వచ్చింది వాళ్లకు. గాజులు దొరికినయంట, ఇగ నువ్వు పో అన్నది లేడీ కానిస్టేబులు. ఒక కాయితం మీద సంతకం వెట్టించుకున్నరు. ఏం రాసిన్రో నాకెరుక లేదు."

"ఎక్కడ దొరికాయట?"

"నాకేం ఎరుకమ్మా? నేను గా గాజులు చూడనన్న చూడలే."

జాలి వేసింది. కానీ ఆఫీసు బుద్ధి ఊరుకోదు కదా. దొరికాయన్న మాట ఎవరన్నారు? కానిస్టేబుల్ అన్నదని ఈమె అంటోంది. దానికి ఆధారం? ఈమె నోరే. ఇంటికి వచ్చాక కూడా అదే లెక్క తిరుగుతూ ఉంది బుర్రలో.

తేల్చుకుందామని పై అంతస్తుకు వెళ్లాను. ఆవిడ ఇంటి నుంచే పనిచేస్తుంది. చెవిలో ఇయర్‌ఫోను, కళ్లు తలుపు సందులో. "పోనీలెండి ఆంటీ. పాపం అని మేమే వదిలేశాం. కేసు వద్దని చెప్పాం" అంది.

"గాజులు దొరికాయా అమ్మా?"

"ఇప్పుడు అవన్నీ ఎందుకండీ... కాల్‌లో ఉన్నాను ఆంటీ, మళ్లీ మాట్లాడతాను" అని తలుపు వేసేసింది.

ఔననలేదు, కాదనలేదు. దొరికి ఉంటే దొరికాయని చెప్పడానికి ఆవిడకేం నొప్పి? తప్పుడు నింద వేశానని నలుగురికీ తెలుస్తుందని సిగ్గు కావచ్చు. లేక దొరకనే లేదేమో, నిజంగానే జాలిపడి వదిలేశారేమో, ఈమే నాకు కథ చెబుతోందేమో. రెండూ అతికినట్టే ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. నిజం ఏదో తెలియకపోవడం నాకు గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది.

ఇక కమిటీ. మా కమిటీ అధ్యక్షుడు ఒక పెద్ద కంపెనీలో మేనేజరు. మంచివాడే, మా వైపు వాడే. క్లబ్‌హౌస్‌లో కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. "ఆంటీ, మాకు ఆవిడ మీద పగేం లేదండి. సెక్యూరిటీ ఇష్యూ కదండీ. టికెట్ రెయిజ్ అయ్యింది, అంటే యాప్‌లో కంప్లెయింట్ పడింది. పోలీసుల నుంచి క్లోజర్ ప్రూఫ్ తెచ్చుకోమనండి, అదే నిమిషంలో అన్‌బ్లాక్ చేసేస్తాం. ప్రూఫ్ లేకుండా టికెట్ ఎలా క్లోజ్ చేస్తామండీ?" అన్నాడు. ఒక మనిషి నాలుగిళ్ల పని ఒక్క పొద్దుటే ఊడిపోతే వాళ్లకది టికెట్టు. అదేదో ప్రింటరు పాడైనట్టు!

ఆ నాలుగిళ్లతో ఆగేది కాదు. ఈ పక్క కమ్యూనిటీలన్నిటికీ అదే యాప్. ఎక్కడ పనికి వెళ్లినా ఇంతకుముందు ఎక్కడ చేశావని అడుగుతారు, మా గేటు పేరు చెబితే మా సెక్యూరిటీకి ఫోను చేస్తారు. ఆమె చివరికి మదీనాగూడలో, యాప్ లేని ఒక పాత అపార్టుమెంటులో రెండిళ్లు చూసుకుంది. షేర్ ఆటోలో వెళ్లొస్తోంది. అక్కడి వాచ్‌మన్ కూడా ఈ మాట వినేదాకానే ఆ పని అని ఆమెకూ తెలుసు. ఆమె కోరిందల్లా ఒక్కటే. తన పేరు మీద పడిన మచ్చ పోయి, అదే గేటులోంచి మళ్లీ లోపలికి రావాలి.

స్టేషనులో ఉన్న కాగితాల నకలు తీసుకురావడం నా పని అని నాకు నేనే ఉత్తర్వు జారీ చేసుకున్నాను. ఇందులో గొప్పతనమేమీ లేదు. గిన్నెలు తోమి నా నడుము విరుగుతోంది, అది ఒకటి. గాజులు దొరికాయో లేదో రికార్డులో చూడాలని నాకే ఆరాటం, అది రెండు. అసలు కారణం రెండోదే.

అల్లుడు ఫోనులో పోలీసుల వెబ్‌సైటు తెరిచి, మా పరిధి స్టేషనులో ఆ తేదీన నమోదైన ఎఫ్ఐఆర్‌లన్నీ చూశాడు. ఆమె పేరుతో ఏదీ లేదు. "కేసే లేదు అత్తయ్యా. అంటే క్లీన్ కదా" అన్నాడు. చదువుకున్న పిల్లలకు ఇంతే తెలుసు. కేసు కట్టకుండానే పిటిషన్ అని ఒకటి తీసుకుని, ఇద్దరినీ పిలిచి, బెదిరించో బుజ్జగించో, రాజీ అయ్యామని తెల్లకాగితం మీద సంతకాలు పెట్టించి పంపేయడం ఎన్నో చోట్ల జరిగేదే. ఆ కాగితం ఏ అట్టలోకి వెళుతుందో, అసలు వెళుతుందో లేదో ఎవరికీ తెలియదు. దాన్ని బయటికి లాగాలి.

ఏ స్టేషనో చెప్పను. అద్దాల రిసెప్షను, మంచినీళ్ల యంత్రం, గోడ మీద 'మేము మీ సేవలో' అన్న బోర్డు, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అంత శుభ్రం చూస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది. కౌంటరు వెనక కూర్చున్న కానిస్టేబుల్ మర్యాదగానే, "కూసోండ్రి అమ్మా. ఏం గావాలె?" అన్నాడు.

"ఒక పిటిషన్ తాలూకు నకళ్లు కావాలండి."

"ఎఫ్ఐఆర్ నెంబరు చెప్పుండ్రి."

"ఎఫ్ఐఆర్ కాలేదండి."

"కాకుంటే కాపీ దేనిదమ్మా? లేనిదానికి కాపీ ఎట్ల ఇస్తం?" అని నవ్వాడు. వెటకారం కాదు, నిజంగానే ఆ ప్రశ్న అతనికి సరైనదిగా తోచింది. గోడ పక్కన ఒక బెంచి కనిపించింది. దాని మీద ఎవరిదో పెళ్లి కార్డుల సంచీ ఉంది. ఆమె కూర్చున్నది ఇదేనా అని చూస్తూ నిలబడ్డాను. బెంచిని అడిగితే చెబుతుందా?

ఇంటికి వచ్చి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాశాను. ఆ చట్టం వచ్చాక మా ఆఫీసులో అలాంటి దరఖాస్తులకు జవాబులు రాసే సీటు చాలాకాలం నాదే. ఇవ్వకూడదని పైవాళ్లు అనుకున్నదాన్ని ఇవ్వకుండా ఉండే దారులన్నీ నాకు కంఠతా వచ్చు. 'ఎందుకు' అని అడిగితే అది సమాచారం కాదు, అభిప్రాయం అంటారు. తేదీ లేకపోతే స్పష్టత లేదంటారు. ఇంకొకరి సంగతి అడిగితే మూడో వ్యక్తి వ్యక్తిగత విషయం అంటారు. అందుకని 'ఎందుకు' అన్న మాటే లేకుండా రాశాను. ఫలానా తేదీన వచ్చిన పిటిషన్ నకలు, ఆ రోజు స్టేషనులో జరిగినవన్నీ రాసుకోవలసిన జనరల్ డైరీ పేజీల నకళ్లు, దరఖాస్తుదారు సంతకం పెట్టిన కాగితం నకలు, ఆ రోజు రిసెప్షను దగ్గరి కెమెరా దృశ్యాలు. మూడో వ్యక్తి అన్న దారి కూడా మూసేయాలంటే దరఖాస్తు ఆమె పేరు మీదే వెళ్లాలి, సంతకం ఆమెదే ఉండాలి.

ఆదివారం రమ్మని, చెరువు కట్ట పక్కన టీ బండి దగ్గర కలిశాం, గేటు లోపలికి రానివ్వరు కనుక. చదివి వినిపించి పెన్ను చేతికిచ్చాను. ఆమె పెన్ను పట్టుకుని చెరువు వైపు చూస్తూ కూర్చుంది.

"ఏం? పెట్టు."

"వద్దు తియ్యమ్మా. అయిందేదో అయిపాయె."

నా లోపల ఏదో టక్కున మూసుకుంది. చూశావా, అనుకున్నాను. తప్పు లేని మనిషికి సంతకం పెట్టడానికి భయమెందుకు? రికార్డు బయటికొస్తే గాజులు దొరకలేదని తేలుతుందనా? నా మొహంలో అది కనిపించిందో ఏమో, ఆమె తల వంచుకుని నెమ్మదిగా చెప్పింది. "మా ఇంట్ల ఎవలకూ చెప్పలేదమ్మా. గా దినం మీ ఇంట్ల ఫంక్షన్ ఉన్నది, లేటయింది అని చెప్పిన. మా ఆయనకు తెలిస్తే ఏమంటడో, మా అత్తకు తెలిస్తే ఊరంత తెలుస్తది. పోస్టుల జవాబు ఇంటికొస్తే ఎట్ల?"

చిరునామా మాది రాస్తానన్నాను, ఫోను నెంబరు కూడా నాదే రాశాను. అప్పుడు సంతకం పెట్టింది, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ. ఆమె చెప్పిన కారణం సబబుగానే ఉంది. కానీ సబబుగా ఉన్న కారణాలు నా ఉద్యోగంలో చాలా విన్నాను.

దరఖాస్తు ఇవ్వడానికి వెళ్తే అదే కానిస్టేబుల్. "పెట్టిపోండ్రి అమ్మా, సార్‌కు ఇస్త" అన్నాడు. నేనా పెట్టిపోయేది? ముట్టినట్టు నా కాపీ మీద ముద్ర, సంతకం, నెంబరు వేసిస్తేనే కదులుతానన్నాను. ముద్ర బీరువాలో ఉందట, తాళం ఉన్నాయన బందోబస్తుకు పోయాడట. ఎవరో మంత్రి వస్తున్నారట. ఈ బందోబస్తు కథ ఎంత సులువైనదో నాకు తెలియదా అనుకుని, కాళ్లు బారజాపుకుని కూర్చున్నాను. చివరికి విసిగిపోయి వెనక్కి బయల్దేరితే, మెయిన్ రోడ్డు మీద ఆటో ఆగిపోయింది. సైరన్లు, జెండా కట్టిన కార్లు, రోడ్డు పొడుగునా పోలీసులు. బందోబస్తు నిజమే. ఆటో డ్రైవరు నా మొహం చూసి, "ఏందమ్మా, తప్పిపోయిన మనిషి దొరికినట్టు చూస్తున్నవ్?" అన్నాడు. మర్నాడు మళ్లీ వెళ్లి ముద్ర వేయించుకున్నాను. ఈసారి కానిస్టేబుల్ నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. గౌరవమో, ఇక ఈవిడ వదలదన్న భయమో తెలియదు.

తర్వాత కొన్నాళ్లు ఉలుకూ పలుకూ లేదు. ఒక మధ్యాహ్నం ఆమె మదీనాగూడ నుంచి ఫోను చేసింది. "స్టేషన్ నుంచి ఫోన్ జేసిన్రమ్మా. దరఖాస్తు ఎందుకు వెట్టినవ్, వాపస్ తీస్కో, లేకుంటే నీకే పరేషాన్ అయితది అన్నరు. మనకెందుకమ్మా ఇది?"

"నీకు చేశారా? నీ ఫోనుకా?"

"అవ్."

ఆమెకు ధైర్యం చెప్పి ఫోను పెట్టేశాక గదిలో అటూ ఇటూ తిరిగాను. దరఖాస్తులో ఉన్నది నా నెంబరు. ఆమె నెంబరు వాళ్లకు ఎక్కడిది? ఏదో ఒక కాగితం మీద ఆమె పేరూ, ఆమె నెంబరూ ఆ స్టేషనులో ఉండి తీరాలి. అంటే ఆమె అక్కడ కూర్చున్నది నిజం. అంతవరకూ తేలింది. గాజులు మాత్రం తేలలేదు.

గడువు తీరడానికి ముందే రిజిస్టర్డ్ పోస్టులో జవాబు వచ్చింది. కళ్లజోడు తుడుచుకుని, పోస్టుమాన్ ముందే కవరు చింపాను. దరఖాస్తులో పేర్కొన్న తేదీన సదరు వ్యక్తిపై ఈ స్టేషనులో ఎటువంటి పిటిషన్ స్వీకరించబడలేదు. జనరల్ డైరీలో సదరు వ్యక్తికి సంబంధించిన నమోదు ఏదీ లేదు. సంతకం చేసినట్టు చెప్పబడుతున్న కాగితం రికార్డులలో లభ్యం కాలేదు. కెమెరా దృశ్యాలు నిర్ణీత కాలం తర్వాత నిల్వ ఉండవు. కింద ముద్ర, సంతకం, అప్పీలు చేసుకోదలిస్తే ఎవరికి చేసుకోవాలో ఆ అధికారి హోదా.

ముందు కోపం వచ్చింది. తర్వాత, చెప్పుకోవాలంటే సిగ్గే గానీ, ముచ్చటేసింది. నేనైనా అంతకంటే బాగా రాయలేను. ఎక్కడా ఒక్క సందు లేదు. ఆ ముచ్చటలోంచే నాకో ఆలోచన వచ్చింది. లేదు లేదు అని రాసిన ఈ కాగితం, చూసే కళ్లను బట్టి, ఇంకో కాగితం కూడా కదా! ఈమె మీద మా దగ్గర ఏ ఫిర్యాదూ లేదని పోలీసులే ముద్ర వేసి ఇచ్చారు. కమిటీ అడిగిన ప్రూఫ్ ఇంతకంటే ఏముంటుంది?

ఆ సాయంత్రమే అధ్యక్షుడి ముందు పెట్టాను. అతను రెండుసార్లు చదివి, "ఇది సూపర్ అండీ. నో పిటిషన్, నో రికార్డ్. ఇంతకంటే క్లియర్‌గా ఏం కావాలి?" అన్నాడు. ఫొటో తీసుకుని, ఫోనులో ఏదో నొక్కాడు. "క్లోజ్ చేసేశాను ఆంటీ." అంతే. కాళ్లరిగేలా నేను తిరిగినదంతా ఒక్క వేలితో నొక్కడంతో అయిపోయింది.

మర్నాడు లిఫ్టులో పై అంతస్తు ఆవిడ ఎదురైంది. గ్రూపులో చూసినట్టుంది. "మంచిదైంది ఆంటీ, పాపం. నేను అప్పుడే వదిలేయమన్నాను కదా" అంది. నా కళ్లు ఆవిడ చేతుల మీదికే పోయాయి. గాజులున్నాయి. అవేనో కావో నాకేం తెలుసు. ఆవిడ చున్నీ చేతుల మీదికి జరుపుకుంది. అది కూడా చలికో, నా చూపుకో.

ఆ పొద్దుట మా పనామె గేటులోంచి లోపలికి వచ్చింది. ఎంతో సంబరంగా కుర్చీ వేసి కూర్చోబెట్టి, జవాబు చదివి, ఒక్కొక్క ముక్కా అర్థం చెప్పాను. నేను చేసిన గారడీ కూడా చెప్పాను. మెచ్చుకుంటుందని ఎదురుచూశాను.

ఆమె కాగితం వైపే చూస్తూ, "అంటే గా దినం నేను స్టేషన్‌కు పోనే లేదని రాసిన్రా?" అంది.

"అంతేగా. మనకు మంచిదే అయింది."

"మరి నన్ను కూసోవెట్టింది ఎవలు?"

"అది వదిలెయ్యి. గేటు తెరుచుకుంది కదా."

"తెరుసుకున్నది. కానీ లిఫ్టు కాడ ఇద్దరు అమ్మలు మాట్లాడుకుంటున్నరు. పాపమని కేసు లేకుండ జేసిన్రంట అని. గీ కాయితం చూపిస్తే గదే అంటరు గదమ్మా. గాజులు దొరికినయని దీంట్ల లేదు గద. నేను తియ్యలేదని యాడ ఉన్నది?"

నిజమే. ఆ కాగితం ఆమెను లోపలికి రానిచ్చింది, మచ్చను మాత్రం ఎక్కడిదక్కడే ఉంచింది. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, "అప్పీలు అని ఏందో చదివినవు గద. గది రాయమ్మా" అంది.

ఇప్పుడు భయపడ్డది నేను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఈ కాగితం ఇలా ఉన్నంతకాలం గేటుకు ఢోకా లేదు. అప్పీలుకు వెళ్లి, పైఅధికారి గట్టిగా అడిగి, నిజంగానే ఆ పిటిషన్ బయటపడిందనుకో, కమిటీ వాళ్లు ముందు చూసేది పిటిషన్ ఉందన్న ముక్కనే. మళ్లీ ఎరుపు పెడతారు. ఈసారి తీయించడం నా వల్ల కూడా కాదు. పైగా స్టేషను వాళ్లు మళ్లీ ఫోను చేస్తారు. ఇంట్లో తెలుస్తుంది.

"ఇంట్ల రాత్రే చెప్పిన. మా ఆయన పళ్లెం పక్కకు జరిపిండు. తర్వాత అన్నం తిన్నడు" అంది. "గేటు మూసుకుంటే మూసుకోనియ్యి. మదీనాగూడ ఉండనే ఉన్నది. కానీ దినమంత కూసున్న మనిషిని కూసోనే లేదంటే ఎట్లమ్మా? ఎక్కడ దొరికినయో, ఎవలు ఫోన్ జేసిన్రో రాయమను. నేను తీసిన అని ఉంటే గదే రాయమను."

నా అనుమానం అక్కడ, ఆ నిమిషంలో చచ్చిపోయింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎంతోమందిని చూశాను. తప్పు చేసినవాళ్లు చేతికందిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని మాయమవుతారు. మూసిన ఫైలు తెరవమని ఎవరూ అడగలేదు. నిజం ఒప్పుకోవాలంటే సంతోషం కంటే సిగ్గే ఎక్కువ వేసింది. మా ఇంట్లో ఇన్నాళ్లు చేసిన మనిషిని నమ్మడానికి నాకు ఇది కావలసి వచ్చింది.

తెల్లకాగితాలు తెచ్చి బల్ల ముందు కూర్చున్నాను. దరఖాస్తుదారు ఆ రోజు పొద్దున్నుంచి చీకటి పడేవరకు మీ స్టేషనులో కూర్చోబెట్టబడినది అని మొదలుపెట్టాను. ఆమె నా వెనక నిలబడి కలం కదలడం చూస్తోంది. కాసేపటికి, "ఒకటి అడుగుతనమ్మా" అంది.

"అడుగు."

"నువ్వు గూడ అనుకున్నవు గద, నేనే తీసిన అని?"

కలం ఆగింది. అబద్ధం ఆడటానికి చాలినంత మర్యాద నా దగ్గర ఉంది. ఆడలేదు. "అనుకున్నాను" అన్నాను, కాగితం మీదికే చూస్తూ.

"నాకు ఎరుకే" అంది. గొంతులో కోపం లేదు. "గందుకే నీతోనే రాయిస్తున్న. నీకు నమ్మకం వచ్చేటట్టు రాస్తే, ఇగ ఎవలైనా నమ్ముతరు."

తర్వాత చీపురు తీసుకుని లోపలి గదిలోకి వెళ్లింది. నేను కుర్చీలోంచి లేవలేదు, రాస్తూనే ఉన్నాను.